థానోస్‌ది వన్‌సైడ్ లవ్!

విశ్వంలో జనం ఎక్కువైపోయారు, ఉన్నవి అందరికీ చాలవు, సగం మంది పోతే మిగతా సగం హాయిగా బతుకుతారు... 2018లో వచ్చిన 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్'లో థానోస్ వాదన ఇదే. తెలుగులో రానా గొంతు తోడయ్యేసరికి అది ఇంకా గట్టిగా తగిలింది. 'వాడు చెప్పినదాంట్లో పాయింట్ ఉంది కదరా' అని నా ఫ్రెండ్స్ ఇప్పటికీ వాదిస్తుంటారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, ఒకసారి కామిక్స్ చదవండి. అక్కడ అతనిదంతా ఓ వన్‌సైడ్ లవ్!

అసలు థానోస్ పుట్టింది సైకాలజీ క్లాసులో. అమెరికా నేవీ నుంచి బయటికొచ్చి కాలేజీలో చేరిన జిమ్ స్టార్లిన్, అక్కడ ఫ్రాయిడ్ సిద్ధాంతం విన్నాడు. మనిషిలో బతకాలనే తపనతో పాటు నాశనం వైపు లాగే శక్తి కూడా ఉంటుందని దాని సారాంశం. మొదటిదాన్ని ఎరోస్ అంటారు, రెండోదాన్ని థానటోస్. స్టార్లిన్ ఈ రెండింటినీ అన్నదమ్ముల్ని చేసేశాడు. ముందు సన్నగా గీసిన బొమ్మ చూసి, ఇంకాస్త భారీగా ఉండాలన్నాడు ఎడిటర్ రాయ్ థామస్. అలా 1973లో 'ఐరన్ మ్యాన్' 55వ సంచికలో థానోస్ దిగాడు.

కథలో అతని సొంతూరు శనిగ్రహం చుట్టూ తిరిగే టైటాన్. తమ్ముడు ఎరోస్ అందగాడు. థానోస్ మాత్రం ఊదారంగు చర్మంతో పుట్టాడు. 2013 నాటి 'థానోస్ రైజింగ్'లో, పసిగుడ్డును చూసిన కన్నతల్లే మతిచలించి చంపబోతుంది. ఆ పిల్లాడు పెరిగి మనసు పడింది ఎవరి మీదో తెలుసా? సాక్షాత్తూ మృత్యువు మీద. మార్వెల్ కామిక్స్‌లో మృత్యువు ఓ స్త్రీ.

ఆమె మెప్పు కోసమే 1991 నాటి 'ఇన్ఫినిటీ గాంట్లెట్'లో థానోస్ చిటికేస్తాడు. విశ్వంలో సగం ప్రాణులు మాయం. ఇంత చేసినా ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడదు! ఆ మౌనాన్ని భరించలేక ఇంకా రెచ్చిపోతాడు. ప్రేమించలేదని కక్ష కట్టేవాళ్ల గురించి మనం వార్తల్లో చదువుతూనే ఉంటాం. వాళ్ల చేతికి ఆరు రత్నాలు దొరికితే ఎలా ఉంటుందో అదే ఈ కథ.

మరి సినిమా థానోస్ లాజిక్? లెక్కేసి చూడండి. 2022లో భూమ్మీద జనాభా 800 కోట్లు. అందులో సగం, అంటే 400 కోట్లు, 1974 ప్రాంతంలోనే ఉన్నారు. సగం మందిని తీసేసినా యాభై ఏళ్లలోపే మళ్లీ మొదటికి రావచ్చు. అంతమంది చావుకి దక్కేది అర శతాబ్దం గడువు మాత్రమే! పైగా చిటికతో విశ్వాన్నే మార్చగలిగినవాడు తిండిని రెట్టింపు చేయలేడా?

అందుకే నాకు కామిక్ థానోసే నచ్చుతాడు. తను చంపేది లోకం బాగు కోసమని అక్కడ అతను కబుర్లు చెప్పడు. ఆ కథ చివర్లో ఆడమ్ వార్లాక్ అతని గుట్టు విప్పుతాడు. అంత శక్తికి తను తగనని లోలోపల తెలుసు కాబట్టే ప్రతిసారీ ఓడిపోయే దారి తనే వదులుకుంటాడట. ఆఖరికి విశ్వాన్ని గడగడలాడించినవాడు ఎక్కడో మారుమూల గ్రహంలో ఒంటరిగా పొలం చేసుకుంటూ మిగులుతాడు.

ఈసారి ఎవరైనా 'పాయింట్ ఉంది' అంటే, ఆ పొలం సంగతి చెప్పండి.