సంతకానికి సాక్ష్యం ఎవరు?

1974 నవంబరు 22న బెంగళూరులో మొట్టమొదటి టెస్టు మ్యాచ్ మొదలైంది. ఇవాళ మనం చిన్నస్వామి స్టేడియం అంటున్న మైదానమే. వెస్టిండీస్ ఆ రోజు ఇద్దరు కొత్త కుర్రాళ్లను దింపింది. గార్డన్ గ్రీనిడ్జ్ మొదటి ఇన్నింగ్స్‌లో 93 దగ్గర రనౌటయ్యాడు, రెండో ఇన్నింగ్స్‌లో 107 కొట్టాడు. రెండో కుర్రాడు రెండుసార్లూ చంద్రశేఖర్ బంతికే దొరికిపోయాడు. చేసిన పరుగులు 4, 3. ఆ మ్యాచ్‌లో సంతకాల కోసం ఎగబడ్డవాళ్లు కెప్టెన్‌గా తొలి టెస్టులోనే 163 కొట్టిన క్లైవ్ లాయిడ్ చుట్టూ మూగి ఉంటారు. ఏడు పరుగుల కుర్రాడి ముందు పుస్తకం చాపినవాళ్లు ఎందరో! అతని పేరు వివియన్ రిచర్డ్స్. రెండేళ్లు తిరక్కుండానే, 1976లో, ఒక్క ఏడాదిలో 1710 టెస్టు పరుగులు చేసి ప్రపంచాన్ని నోరెళ్లబెట్టించాడు. ఆ బెంగళూరు టెస్టు నాటి ఆటోగ్రాఫు పేజీ ఇవాళ బయటపడితే, సేకర్త వేలు ముందు వెతికేది అతని పేరునే.

మన హోసూరు నుంచి ఆ బెంగళూరు 40 కిలోమీటర్లే. ఇక్కడి కూరగాయలు, పూలు తెల్లారేసరికి అక్కడి మార్కెట్లో ఉంటాయి. లారీ దిగిన కుర్రాళ్లు, చదువుకోడానికి వెళ్లిన పిల్లలు, బంధువుల ఇంట్లో మకాం వేసినవాళ్లు క్రికెట్ చూడకుండా తిరిగొచ్చేవారా? అందుకే హోసూరు చుట్టుపక్కల మన మొరసునాటి ఇళ్లలో, అటకల మీది ట్రంకు పెట్టెల్లో, కలరా ఉండల వాసన మధ్య పాత ఆటోగ్రాఫు పుస్తకాలు ఉండే అవకాశం తక్కువేమీ కాదు. అలాంటిది దొరికినప్పుడు ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "దీనికి ఎంతొస్తాది సామీ?"

ఆ ప్రశ్నకు జవాబు అంకెతో మొదలు కాదు. మరికొన్ని ప్రశ్నలతో మొదలవుతుంది. సంతకం ఎవరు పెట్టించుకున్నారు? ఎక్కడ, ఏ రోజున? అప్పట్నుంచి ఇప్పటిదాకా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది? హోసూరులో ఇవాళ స్థలం కొనేవాడు పట్టా చూస్తాడు, ఈసీ తీయిస్తాడు, ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. ఒక్క లింకు తెగినా బేరం దిగజారుతుంది. పాత సంతకానికీ అంతే. సంతకం అందంగా ఉండటం, పెట్టినవాడు మహానుభావుడు కావడం తర్వాతి సంగతులు. జాడ తెలిసిన సంతకం ఆస్తి. జాడ లేనిది అనుమానం.

జాడకు ఎంత ధర పలుకుతుందో చూడాలంటే అమెరికాలో బేస్‌బాల్ వస్తువుల మార్కెట్టును చూడాలి. ఈ లెక్కలు అక్కడ తేలినంత కచ్చితంగా మరెక్కడా తేలలేదు. 1932 అక్టోబరు 1న చికాగోలో వరల్డ్ సిరీస్ మూడో ఆట. న్యూయార్క్ యాంకీస్ వీరుడు బేబ్ రూత్, తాను బంతిని ఎక్కడికి కొట్టబోతున్నాడో ముందే వేలితో చూపించి మరీ కొట్టాడని చెప్పుకునే హోమ్ రన్ ఆ రోజుదే. నిజంగా చూపించాడా లేదా అని ఇప్పటికీ వాదులాడుకుంటారు. అతను ఆ రోజు వేసుకున్న జెర్సీ 2005లో సుమారు 9 లక్షల 40 వేల డాలర్లకు అమ్ముడైంది. 2024 ఆగస్టులో అదే జెర్సీ 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటింది. గుడ్డ మారలేదు, బొత్తాలు మారలేదు. మధ్యలో జరిగిందల్లా, నిపుణులు ఆనాటి ఫొటోలు ముందేసుకుని కుట్లూ అక్షరాల అమరికా ఒక్కొక్కటే సరిచూసి, ఇది ఆ ఆటలో వేసుకున్నదేనని తేల్చడం. మార్కెట్టు పెరిగిన మాట నిజమే. కానీ అంత ఎత్తుకు ఎగరడానికి ఆ సరిచూపే ప్రధాన కారణమని నా నమ్మకం.

అదే 1932లో, దానికి మూడు నెలల ముందు, జూన్ 25న, లార్డ్స్‌లో భారత్ తన తొలి టెస్టు ఆడింది. జట్టును నడిపించినవాడు మన తెలుగువాడు, కొట్టారి కనకయ్య నాయుడు. పుట్టింది నాగపూరులో, స్థిరపడింది ఇందోరులో, మూలాలు మాత్రం తెలుగు నేలవి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు బాది, ఆ జట్టు చేతనే వెండి బ్యాటు బహుమతిగా అందుకున్న మనిషి. ఆ 1932 పర్యటన జట్టంతా సంతకాలు చేసిన కాగితం భారత క్రికెట్‌కు జన్మపత్రిక లాంటిది. దాన్ని చూడగానే మన కళ్లు నాయుడుగారి సంతకం మీద వాలతాయి. సేకర్త కళ్లు అదే జట్టు బౌలర్ అమర్ సింగ్ దగ్గర ఆగుతాయి. కారణం సులభం. నాయుడు 1967 దాకా జీవించారు. అరవై దాటాక కూడా మైదానంలోకి దిగారు, ఎన్నో వందల మందికి సంతకాలు చేసి ఉంటారు. అమర్ సింగ్ 1940లో, నిండా ముప్పై ఏళ్లు రాకముందే పోయాడు. పెట్టగలిగిన సంతకాలు అంతటితో ఆగిపోయాయి.

పేరు గొప్పతనానికీ సంతకం ధరకూ నేరుగా లంకె లేదనడానికి బ్రాడ్‌మన్‌ను మించిన ఉదాహరణ లేదు. క్రికెట్‌లో ఆయనంతటివాడు లేడు. కానీ వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఓపిగ్గా జవాబు రాసి సంతకం చేసేవాడు. అందుకే ఆయన మామూలు సంతకం మనం ఊహించుకునేంత ధర పలకదు. బేస్‌బాల్‌లో దీనికి సరిగ్గా ఎదురు కథ జో జాక్సన్‌ది. చదువు రాని గొప్ప ఆటగాడు. తన పేరు రాయడమే ఆయనకు కష్టం. అభిమానులు పంపిన కాగితాల మీద భార్యే ఆయన పేరు రాసి పంపేది. స్వయంగా పెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కాబట్టి వాటికి ఏనాడూ గిరాకీ తగ్గదు.

మనవాళ్లలో నాకు ఈ విషయంలో ఎప్పుడూ గుర్తొచ్చేది కోటా రామస్వామి. మద్రాసు క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడుగారి కొడుకు. 1922లో డేవిస్ కప్‌లో భారత్ తరఫున టెన్నిస్ ఆడాడు. 1936లో నలభయ్యో ఏట ఇంగ్లండులో రెండు క్రికెట్ టెస్టులు ఆడాడు. 1985లో, తొంభైకి దగ్గరపడ్డ వయసులో, మద్రాసులో ఇంటి నుంచి బయటికి వెళ్లి మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఆయన సంతకం క్రికెట్ సేకర్తకూ కావాలి, టెన్నిస్ సేకర్తకూ కావాలి. తెలుగువాళ్లకు మాత్రం ఆయన పేరే సరిగా తెలియదు. నాకు దిగులు కలిగించే సంగతి ఇది. పేరు తెలియని కుటుంబం ఆ కాగితాన్ని పాత పేపర్ల కిందే తూకానికి వేసేస్తుంది.

సంతకం ఒక్కటే ఉంటే ఒక విలువ, అది ఉన్న చోటును బట్టి ఇంకో విలువ. గాంధీజీ హరిజన నిధికి 5 రూపాయలు పుచ్చుకుని సంతకం చేసేవారు. నిధికి డబ్బు కావాలి కాబట్టి చాలానే చేశారు. అయితే 1933-34లో జార్డిన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు మన దేశం వచ్చినప్పుడు, మన క్రికెటర్ విజయ్ మర్చంట్ సోదరి లక్ష్మి ఆ జట్టు 16 మంది సంతకాలు ఒక పేజీలో సేకరించింది. అదే పుస్తకాన్ని తర్వాత గాంధీజీ ముందు పెట్టింది. ఆయన పేజీలు తిప్పి, సరిగ్గా ఆ జట్టు పేజీయే ఎంచుకుని, 17వ ఆటగాడిగా తన సంతకం చేశారు. క్రికెట్ అంటే పెద్దగా పట్టని మనిషి ఇంగ్లండు జట్టులో చేరిపోయిన ఆ పేజీకి జోడీ ఎక్కడ దొరుకుతుంది? ఆ పేజీ వెనక జరిగిన కథను ఎవరూ చెప్పకపోయి ఉంటే, చూసినవాళ్లు ఎవరో ఆకతాయి గాంధీ పేరు గిలికాడనుకుని పక్కన పెట్టేసేవారు.

ఇంట్లో పెద్దలు బతికుండగానే ఈ కథ రాయించుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే. పుస్తకం మీద గీయొద్దు. విడిగా తెల్ల కాగితం మీద ఎవరు, ఎప్పుడు, ఏ హోటల్ మెట్ల దగ్గర, ఎవరితో కలిసి వెళ్లి తీసుకున్నారో రాయించి, కింద తేదీతో వాళ్ల చేతే సంతకం పెట్టించండి. మ్యాచ్ టికెట్టు, బస్సు టికెట్టు, ఆ రోజు దిగిన ఫొటో, ఇంటికి రాసిన ఉత్తరం ఏది దొరికినా దాంతో కలిపి ఉంచండి. అమ్మినా అమ్మకపోయినా ఆ కట్ట విడిపోకూడదు.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. గడియారాల ఫ్యాక్టరీ ఉన్న మన హోసూరులో పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దానికి కరువుండదు. కాగితాన్ని కిటికీ పక్కన, వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. ఫౌంటెన్ పెన్నుతో చేసిన సంతకంలో గీత ఒకే మందంలో సాగదు. చెయ్యి నొక్కినచోట లావెక్కుతుంది, తేలికైనచోట సన్నబడుతుంది, సిరా కాగితం పోగుల వెంట కొంచెం పాకి ఉంటుంది. అసలు మనిషి వేగంగా రాస్తాడు కాబట్టి చివరి గీత సన్నగా తేలిపోతుంది. దొంగ సంతకం గీసేవాడు చూసి నెమ్మదిగా దించుతాడు. గీత వణుకుతుంది, మధ్యలో ఆగిన గుర్తు పడుతుంది, కొస మొద్దుగా ముగుస్తుంది. గీత బదులు చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది అచ్చు వేసిన సంతకం. అంచుల్లో సిరా గట్టుకట్టి మధ్యలో పలచబడితే రబ్బరు స్టాంపు. అచ్చు సంతకాలున్న చిన్న బ్యాట్లను అసలైనవనుకుని అద్దాల బీరువాలో పెట్టుకున్న ఇళ్లు ఎన్నో.

కాలం లెక్క కూడా చూడాలి. బాల్ పెన్నులు బజారులోకి వచ్చింది 1945 ప్రాంతంలో, ఫెల్ట్ కొన పెన్నులు 1960ల్లో. 1932 నాటి సంతకమని చెప్పి బాల్ పెన్నుతో ఉన్న కాగితం చూపిస్తే మాట అక్కడితో ఆపేయొచ్చు. కాగితానికి ఇంకో పరీక్ష ఉంది. తెల్లగా మెరవడానికి కాగితంలో రసాయనాలు కలపడం 1950 ప్రాంతంలో మొదలైంది. దొంగనోట్లు పట్టే నీలి దీపం కింద అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. అంతకుముందు కాగితం మామూలుగా అలా వెలగదు. ఈ పరీక్షలన్నీ నకిలీని పట్టిస్తాయి కానీ అసలును నిరూపించవు. పాత పుస్తకంలోని ఖాళీ పేజీ చింపి, పాత సిరాతో సంతకం గీసేవాడు వీటన్నిటినీ దాటేయగలడు. అప్పుడు మళ్లీ జాడ మీదే ఆధారపడాలి.

మరి సర్టిఫికెట్టు ఉంటే? అమెరికాలో 1990ల చివర్లో ఎఫ్.బి.ఐ. దొంగ సంతకాల ముఠాల మీద పెద్ద దాడి చేసింది. దాని పేరు ఆపరేషన్ బుల్‌పెన్. పట్టుబడ్డ సరుకులో మదర్ థెరిసా సంతకం చేసినట్టున్న బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి! ఆ సరుకులో చాలాభాగానికి సర్టిఫికెట్లూ జతగా ఉండేవి. సంతకం దొంగది చేయగలవాడికి దాని పక్కన పెట్టే కాగితం ఒక లెక్కా? సర్టిఫికెట్టు ఎవరిచ్చారు, వాళ్లు దేన్ని చూసి ఇచ్చారు అన్నది తెలియనప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

వస్తువు బాగుండాలని మనం చేసే సేవే దాన్ని చంపుతుంది. 1909-11 మధ్య ఒక పొగాకు కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన హోనస్ వాగ్నర్ బొమ్మ కార్డు బేస్‌బాల్ సేకర్తలకు కోహినూరు. వాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన కార్డు అంచుల్ని తానే కత్తిరించానని దాన్ని అమ్మిన వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. మన దగ్గర కత్తెర కన్నా లామినేషన్ పెద్ద శత్రువు. రేషన్ కార్డు నుంచి తాతగారి ఫొటో దాకా అన్నిటికీ ప్లాస్టిక్ పొర వేయించడం మనకు అలవాటు. వేడికి కాగితం, సిరా రెండూ దెబ్బతింటాయి, ఆ పొర మళ్లీ ఊడదు. సెల్లోటేపు పసుపు మరక మిగులుస్తుంది. వెలిసిపోయిన సంతకం మీద ఇంకోసారి పెన్నుతో దిద్దారంటే ఇక అది మీ సంతకమే. ఎండ తగలని చోట, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి వదిలేయడమే చేయగలిగినంత.

క్రికెట్ వదిలి మన ఊరి వైపు చూస్తే, హోసూరు పక్కనే తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ కనిపిస్తారు. గవర్నర్ జనరల్, మద్రాసు ముఖ్యమంత్రి, 1954లో తొలి భారతరత్నల్లో ఒకరు. జీవితమంతా ఉత్తరాలు రాసిన మనిషి కాబట్టి ఈ చుట్టుపక్కల పాత కుటుంబాల్లో ఆయన కార్డు ముక్కలు దొరికితే ఆశ్చర్యం లేదు. వాటిని తూచేటప్పుడు సంతకం కన్నా ముందు విషయం చదవాలి. పెళ్లికి ఆశీస్సులు చెబుతూ ఆఫీసులో టైపు చేసిన రెండు వాక్యాల ఉత్తరం ఒక రకం. అది కార్యదర్శి చేత్తో వెళ్లిందేమో కూడా చూసుకోవాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయే ముందు నెలల్లో మద్రాసు గురించి తన మనసులో మాట సొంత దస్తూరీతో రాసిన కార్డు దొరికితే, దాని లెక్కే వేరు. దాన్ని సేకర్త కన్నా ముందు చరిత్రకారుడు అడుగుతాడు.

పత్రికల్లో వచ్చే వేలం ధరలు చూసి ఆశలు పెంచుకోవడం ఒక ప్రమాదం. 2011 ప్రపంచకప్ ఫైనల్లో ధోనీ ఆడిన బ్యాటు లండన్‌లో లక్ష పౌండ్లు పలికింది. షేన్ వార్న్ టోపీ 2020లో 10 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటింది. మొదటిది దాతృత్వ విందులో, రెండోది కార్చిచ్చు బాధితుల కోసం పెట్టిన వేలంలో. అక్కడ కొన్నవాళ్లు వస్తువుకు ఎంతిచ్చారో, పుణ్యానికి ఎంతిచ్చారో విడదీయలేం. మీ పేజీకి ధర కట్టాలంటే అదే రకం పేజీలు మామూలు వేలాల్లో చివరికి ఎంతకు పోయాయో చూడాలి. అమ్మకందారు అడిగే ధరను లెక్కలోకే తీసుకోకూడదు.

చివరగా చట్టం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతపత్రాలు 75 ఏళ్లు దాటితే పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించి అమ్మడానికి వీల్లేదు. 1932 నాటి కాగితం ఈ గీత ఏనాడో దాటింది. లండన్‌లో మంచి ధర ఇప్పిస్తాం, కొరియర్‌లో పంపమని ఫోన్ చేసేవాళ్ల మాట వినకండి. ఇక్కడే అమ్మదలిస్తే ముందు రెండు వైపులా ఫొటోలు తీసి, కనీసం ఇద్దరు వేర్వేరు నిపుణులకు చూపించండి. అసలు కాగితం మాత్రం రసీదు చేతికి రాకుండా గడప దాటించకండి.