కిక్ తేలికైతే బోరింగే శరణ్యమా?

మద్రాసులో 1955 నుండి తయారైన బుల్లెట్ 350 పాత బండ్లలో కిక్ తేలికగా దిగిపోతే, వెంటనే బోరింగ్ చేయించమనే సలహా వినవస్తుంది. 70 మిల్లీమీటర్ల ఆ సిలిండరులో ఒకసారి కోసివేసిన లోహం తిరిగి రాదు, తొందర తగదు.

ఇంజను చల్లారిన పిదప మేము మొదట ట్యాపెట్ కవరు విప్పుతాము. కంప్రెషన్ స్ట్రోకు చివర పుష్‌రాడ్లు వ్రేళ్ళతో తిప్పగా తిరగవలెను, పైకీ క్రిందికీ ఆడరాదు. బిగిసియుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. డీకంప్రెసర్ కేబుల్ బిగుసుకున్నా ఇదే ఫలితం. దీనిని చూచేవారు అరుదు.

అవి సరిగానే ఉంటే, థ్రాటిల్ పూర్తిగా తెరచి గేజితో పీడనం కొలుస్తాము. ప్లగ్ రంధ్రం గుండా చెంచాడు ఇంజనాయిల్ పోసి మరల కొలుస్తాము. పీడనం పెరిగితే రింగులో, బోరో అరిగినట్లు. పెరగకుంటే లోపం వాల్వులలోనో, హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉన్నది. సిలిండరు జోలికి పోనక్కరలేదు.