వయసు పైబడితే కంటి వెనుక తెరకు ఏమవుతుంది?

కరీంనగర్‌లో మాకు తెలిసిన ఒక నానీకి డెబ్బై దాటాయి. రోజూ ఫజ్ర్ నమాజు తర్వాత ఖుర్ఆన్ చదువుకోవడం ఆమె అలవాటు. కొంతకాలంగా వరుసలు వంకరగా కనిపిస్తున్నాయని, నడుమ అక్షరాలు మాయమవుతున్నాయని అంటున్నారు. ఇంట్లోవాళ్లు మోతిబిందు అనుకున్నారు. పరీక్షలో జబ్బు రెటీనాలో ఉందని తేలింది.

ఈ తేడా దాతలకు తెలియాలని మా కోరిక. కన్నును కెమెరాతో పోల్చి పిల్లలకు చెబుతుంటాం. ముందున్న కటకం అద్దం, వెనుక తెర రెటీనా. మోతిబిందులో కటకం మసకబారుతుంది. దాన్ని తీసి కొత్త కటకం అమర్చవచ్చు. చనిపోయిన రెటీనా కణాలను మాత్రం అలా మార్చలేం.

కణంలో పనులన్నీ ప్రోటీన్లే చేస్తాయి. ప్రతి ప్రోటీన్ సరైన మడతలో ఉండాలి. మడత చెడితే, ఉడికిన గుడ్డు తెల్లసొనలాగా ఒకదానికొకటి అంటుకొని ముద్దవుతాయి. అలా కాకుండా పట్టి ఉంచే కాపలా ప్రోటీన్లు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి ఆల్ఫా క్రిస్టలిన్. దాని కాపలా గుణాన్ని 1992లో జోసెఫ్ హార్విట్జ్ చూపారు. ఇది కటకంలోనే కాక రెటీనాలోనూ ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీలో సి.హెచ్. మోహన్‌రావు బృందం దీనిపై ఏళ్ల తరబడి పరిశోధించింది.

రెటీనా అడుగున ఒక కణాల పొర ఉంటుంది. వెలుతురును పట్టే కణాలకు ఆహారం అందించి, వాటి చెత్తను రోజూ ఎత్తిపోసేది అదే. ఈ కణాలు మామూలుగా మళ్లీ పుట్టవు, పుట్టినప్పటివే జీవితాంతం పనిచేయాలి. వయసు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది, కాపలా చాలదు. చెత్త పేరుకుంటుంది. నడిమి చూపు దెబ్బతింటే చదవడం, ముఖాలు గుర్తుపట్టడం కష్టమవుతుంది. పొగ తాగడం ఈ ముప్పును పెంచుతుంది. ఇక మధుమేహం రెటీనా రక్తనాళాలను పాడు చేస్తుంది. మధుమేహమున్న ఎలుకల కటకాల్లో కాపలా శక్తి తగ్గుతుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల్లో తేలింది.

ఏం చేయాలి? బీడీ, సిగరెట్టు మానాలి. షుగర్, బీపీ అదుపులో ఉంచుకోవాలి. ఆకుకూరలు తినాలి. ఒక కన్ను మూసి కిటికీ ఊచలను చూడండి. ఊచలు వంగినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకండి. కొన్ని రకాల జబ్బులో, తొందరగా పట్టుకుంటే, ఇంజెక్షన్లతో చూపు నిలబడుతుంది.

ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ తన మొదటి గ్రామీణ కేంద్రాన్ని 1996లో నాటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లోనే తెరిచింది. 2018లో మొదలైన కంటి వెలుగు ఊరూరా కళ్లద్దాలు పంచింది. కళ్లద్దాలకు, మోతిబిందు ఆపరేషన్లకు మన దాతలు ఎప్పుడూ ముందుంటారు. ఇకపై మన శిబిరాల్లో కంట్లో చుక్కలు వేసి రెటీనా చూసే పరీక్షకు, మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వెళ్లే పెద్దల బస్సు ఛార్జీలకు కూడా కొంత సొమ్ము కేటాయించండి. పోయిన చూపును తెచ్చివ్వలేకపోయినా, ఉన్న చూపును నిలబెట్టే పని మన చేతుల్లో ఉంది.