తాళం వేసిన ఇల్లు

సంక్రాంతి సమీపించగానే హైదరాబాదు నగరంలోని అనేక వీధులు బోసిపోతాయి. ఉద్యోగరీత్యా, విద్యాభ్యాసం నిమిత్తం వచ్చి స్థిరపడినవారు భోగిమంటల వేళకు స్వగ్రామం చేరాలనే తహతహతో రైళ్లలో, బస్సులలో బయలుదేరుతారు. వేసవి సెలవులలోనూ ఇటువంటి దృశ్యమే కనిపిస్తుంది. ఆనందంగా తిరిగివచ్చిన కుటుంబాలలో కొన్నింటికి మాత్రం విరిగిన తాళం, తెరిచి ఉన్న బీరువా, చిందరవందరగా పడి ఉన్న బట్టలు ఎదురవుతాయి. కూతురి వివాహానికని సంవత్సరాల తరబడి కూడబెట్టిన బంగారం ఒక్క రాత్రిలో మాయమవుతుంది.

పూర్వం ఇంటికి తాళం పడటం అరుదు. ఉమ్మడి కుటుంబంలో అందరూ ఒకేసారి ప్రయాణం కట్టేవారు కారు. వీధి అరుగు మీద కూర్చున్న పెద్దల కంటబడకుండా కొత్త మనిషి వీధి దాటడం కష్టంగా ఉండేది. నేడు భార్యాభర్తలు, ఒకరిద్దరు పిల్లలు ఉన్న కుటుంబం ఊరికి వెళితే ఇల్లు నిర్మానుష్యమవుతుంది. అపార్టుమెంట్లలో ఎదురింటివారి పేరు సైతం తెలియనివారున్నారు. ఒకనాడు ఇంటిల్లిపాది, ఇరుగుపొరుగు కలిసి నిర్వహించిన కాపలా బాధ్యతను మనం ఒక్క ఇనుప తాళానికి అప్పగించి వెళుతున్నాం.

తాళం అవసరమే. అయితే తలుపు వెలుపల వేలాడే తాళం, ఇంట్లో ఎవరూ లేరని దారిన పోయేవారికి చాటి చెబుతుంది. దొంగ మొదట వెదికేది ఇటువంటి గుర్తులనే. గుమ్మం ముందు పేరుకుపోయిన దినపత్రికలు, పట్టపగలు వెలుగుతున్న వీధి దీపం కూడా ఆ కబురే చేరవేస్తాయి. ధనుర్మాసంలో ప్రతి వాకిటా ముగ్గు కనిపిస్తుంది కనుక, ముగ్గులేని వాకిలి మరింత సులభంగా పట్టి ఇస్తుంది. కాబట్టి పత్రికను, పాలను ముందుగానే ఆపించాలి. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే పనిని నమ్మకస్తులకు అప్పగించాలి. వీధి తలుపుకు లోపలే ఇమిడి ఉండే తాళం అమర్చుకోవడం మేలు. పెరటి తలుపు, కిటికీల గడియలు సరిచూసుకోవాలి. తాళంచెవిని పూలకుండీ కిందనో, మీటరు పెట్టె మీదనో దాచడం తగదు. ప్రయాణపు ఛాయాచిత్రాలను సామాజిక మాధ్యమాలలో తిరిగివచ్చిన తరువాత పంచుకోవచ్చు.

మన ప్రయాణం సంగతి తెలియకూడనివారికి తెలియకుండా ఉండటం ఎంత ముఖ్యమో, తెలియవలసినవారికి తెలియడం అంతే ముఖ్యం. కౌటిల్యుని అర్థశాస్త్రం నగరపాలనను వివరిస్తూ, ఇంటికి వచ్చిపోయే అతిథుల గురించి యజమాని అధికారులకు తెలపాలని విధించింది. రాకపోకలు తెలిసినప్పుడే రక్షణ సాధ్యమని ఆ నియమం భావం. నేడు మనం ఊరికి వెళ్లే తేదీలను పొరుగువారికి, సమీప పోలీసు స్టేషనుకు తెలియజేయాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే విధానాన్ని ప్రవేశపెట్టారు. యజమాని కోరినప్పుడు పోలీసులు ఇంట్లో కెమెరా అమరుస్తారు. లోపల కదలిక కలిగితే కంట్రోలు రూముకు హెచ్చరిక అందుతుంది.

నగలను బ్యాంకు లాకరులో భద్రపరచడం మంచిది. అయితే లాకరుకూ పరిమితి ఉంది. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి సందర్భాలలో బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు 100 రెట్లకు పరిమితం. అద్దె 3,000 రూపాయలైతే గరిష్ఠంగా లభించేది 3 లక్షలే. అందువల్ల నగల జాబితా, రసీదులు, ఛాయాచిత్రాలు దగ్గర ఉంచుకోవాలి.

ఇంటికి ముప్పు దొంగల వల్లనే రాదు. గ్యాసు రెగ్యులేటరును ఆపివేయాలి. కుళాయిలన్నీ కట్టివేయాలి. ఫ్రిజ్‌ను ఖాళీ చేసి విద్యుత్ మెయిన్ స్విచ్ ఆపితే ప్రమాదానికి తావుండదు.

ఒకవేళ తిరిగి వచ్చేసరికి తాళం పగిలి ఉంటే తొందరపడి లోనికి వెళ్లరాదు. దొంగ ఇంకా లోపలే ఉండవచ్చు. వస్తువులను తాకితే వేలిముద్రలు చెరిగిపోవచ్చు. వెంటనే 112 నంబరుకు ఫోను చేయాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం రాత్రివేళ దొంగతనం కోసం ఇంటికి కన్నం వేసినవారికి 14 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. కానీ శిక్ష పడినంతమాత్రాన పోయిన సొత్తు తిరిగి వస్తుందన్న హామీ లేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే ప్రయోజనమేమిటని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఈ జాగ్రత్తలన్నింటికీ మూలం పరస్పర విశ్వాసం. సంక్రాంతికి మనం ఊరు వెళితే పొరుగువారు మన వాకిలిని కనిపెట్టి ఉంటారు. వేసవిలో వారు వెళ్లినప్పుడు ఆ బాధ్యత మనది. పొరుగింటి తలుపు తట్టి పలకరించడం నేడే ఆరంభిస్తే, ప్రయాణం నాటికి ఇంటికి కాపలా సిద్ధంగా ఉంటుంది.