నోరు చూస్తే తిండి తెలుస్తుంది

ఈ సంచికలో పెద్ద తరగతుల వారి కోసం చాలా వ్యాసాలున్నాయి. మేము మాత్రం మూడు, నాలుగు, అయిదు తరగతులు చదివే మీ కోసం జంతువుల నోళ్ళ గురించి రాస్తున్నాము.

అన్నం కలుపుకోవడానికి మనకు చేతులున్నాయి. కోతి వంటి కొన్నింటిని వదిలేస్తే చాలా జంతువులకు చేతుల పని కూడా నోటిదే. పట్టుకోవాలన్నా, తెంపాలన్నా, పోట్లాడాలన్నా నోరే ఆధారం. అందుచేత ఏ జంతువు తిండికి తగినట్టు దాని నోరు ఉంటుంది.

ముందుగా ఆవును, గేదెను చూద్దాం. వాటికి పైదవడ ముందు భాగంలో పళ్ళే ఉండవు! అక్కడ గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింద 8 పళ్ళు ఉంటాయి. గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్ళకూ పై చిగురుకూ మధ్య అదిమి తెంపుతాయి. గబగబా మింగేసి, తర్వాత నీడన పడుకుని ఆ మేతనే మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని మెత్తగా నములుతాయి. అదే నెమరు వేయడం.

సంతలో ఎద్దును కొనేవారు దాని నోరు తెరిచి ఎందుకు చూస్తారో తెలుసా? సుమారు రెండేళ్ళకు ముందరి పాలపళ్ళు రెండు ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది అవుతాయి. పళ్ళు లెక్కిస్తే వయసు తెలిసిపోతుంది. బడి ముఖం చూడని మన తాతలకు కూడా ఈ లెక్క వచ్చు. ఇదీ సైన్సే!

మేకకూ ముందు పైపళ్ళు లేవు. కానీ దాని పెదవులు చురుగ్గా కదులుతాయి. కనుకనే తుమ్మముళ్ళ మధ్య నుంచి ఆకును ఏరుకుని తింటుంది.

పాము నమలదు, మింగుతుంది. దాని కింది దవడ రెండు ముక్కలుగా ఉండి ఎడంగా సాగుతుంది. అందువల్ల తన తలకంటే లావైన ఎలుకను కూడా మింగగలదు. అది నాలుక చాపేది కాటు వేయడానికి కాదు, వాసన పట్టడానికి.

దోమల్లో ఆడదోమే రక్తం తాగుతుంది. దాని నోటిలో 6 సన్నని సూదులుంటాయి. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. అందుకే దోమతెర కట్టుకుని పడుకోవాలి.

ఇక కుక్క. దానికి 42 పళ్ళు. మాంసం చీల్చడానికి నాలుగు కోరపళ్ళున్నాయి. రేబిస్ ఉన్న కుక్క ఉమ్మిలో ఆ వ్యాధి క్రిములుంటాయి. ఆ జబ్బు బయటపడిన తర్వాత బతికేవారు దాదాపు ఉండరు. ముందే టీకా వేయించుకుంటే ప్రాణం దక్కుతుంది. కనుక కుక్క కరిచినా, పంటితో చిన్న గీత పడినా వెంటనే సబ్బు రాసి, కుళాయి నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసర్లు పెట్టకూడదు. ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. డాక్టరు చెప్పిన టీకాలన్నీ పూర్తిగా వేయించుకోవాలి.

వార్డెన్ గారు తిడతారని ఎవరూ దాచవద్దు. ఒకడు భయపడి దాచితే, పక్కన పడుకునే స్నేహితుడైనా వెళ్ళి చెప్పాలి. అది చాడీ కాదు తమ్ముళ్ళారా, ప్రాణం కాపాడటం.