పచ్చిక బీళ్ల యాజమాన్యంలో ఆర్థర్ శాంప్సన్ కృషి

అమెరికాలో పచ్చిక బీళ్ల యాజమాన్యానికి శాస్త్రీయ పునాది వేసినవారిలో ఆర్థర్ శాంప్సన్ (1884–1967) ముఖ్యులు. 1907లో అటవీ శాఖలో చేరి, ఆరెగాన్ రాష్ట్రంలోని వాలోవా పర్వతాలలో గొర్రెల మేత వలన క్షీణించిన బీళ్లను పరిశీలించారు. ఏటా చిగురు దశలోనే మేపితే గడ్డి వేళ్లలోని నిల్వ ఆహారం తరిగి, విత్తనం ఏర్పడక మొక్కలు నశిస్తాయి. అందువలన బీడును భాగాలుగా విభజించి, ఒక భాగంలో గింజ ముదిరిన తరువాతే మందను వదలాలని, ఈ విరామాన్ని వంతులవారీగా తక్కిన భాగాలకూ కల్పించాలని సూచించారు. రాలిన గింజలను గొర్రెల గిట్టలే మట్టిలోకి తొక్కుతాయి.

1912 నుండి యూటాలోని పరిశోధన కేంద్రానికి సారథ్యం వహించి, గడ్డి పలుచబడినప్పుడు వరద, నేలకోత ఎలా పెరుగుతాయో అధ్యయనం చేశారు. అనంతరం బర్కిలీలో ఆచార్యులుగా పనిచేస్తూ 1923లో పాఠ్యగ్రంథం వెలువరించారు. బీడు కోలుకోవడానికి మేతను పూర్తిగా నిషేధించనవసరం లేదు. ఎన్ని గొర్రెలు అన్నదానితో పాటు ఎప్పుడు మేపాలన్నదీ కాపరితో కలిసి నిర్ణయించాలి.