వెన్న బిస్కెట్ అంత గుల్లగా ఎందుకుంటుంది?

గోధుమ ప్రొటీన్లు నీటితో కలిసి, పిసికేకొద్దీ గ్లూటెన్ అనే సాగే వలను అల్లుతాయి. రొట్టెకు అది కావాలి. ఫ్రాన్స్‌లో చేసే సాబ్లే బిస్కెట్లకు మాత్రం అదే శత్రువు! అందుకే మైదాకు ముందుగా వెన్న పట్టిస్తారు. రేణువుల చుట్టూ చేరిన కొవ్వు పొర నీటిని సులువుగా చేరనివ్వదు. గవ్వల పిండిలో మన అమ్మమ్మలు నెయ్యి వేసేదీ ఇందుకే.

ఎలా చేయాలి? 200 గ్రాముల మైదాలో 80 గ్రాముల పంచదార పొడి, చిటికెడు ఉప్పు, 120 గ్రాముల చల్లని వెన్న ముక్కలు వేసి, రవ్వలా అయ్యేదాకా వేళ్లకొసలతో నలపాలి. ఒక గుడ్డు పచ్చసొన వేసి ముద్ద చేయాలి. పిసకొద్దు, దయచేసి! గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, మన ఎండాకాలపు వంటింట్లో ఆ వేడి మామూలే. మెత్తబడ్డ ముద్ద ఓవెన్‌లో పరుచుకుపోతుంది.

ఒత్తి, బిళ్లలుగా కోసి, 180 డిగ్రీల వద్ద అంచులు బంగారు రంగు తేలేవరకు కాల్చాలి. పావుగంట చాలు.

ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో వీటికి ఉప్పు వెన్నే వాడతారు. పాతకాలపు ఉప్పు పన్ను ఆ ప్రాంతానికి లేదు, అందుకే అక్కడ ఉప్పు చవక మరి.

ఓవెన్ దగ్గర పెద్దవాళ్లను ఉంచుకోండి. తీయగానే మెత్తగా ఉన్నాయని కంగారు పడకండి, చల్లారితే గట్టిపడతాయి.